రూపాయి తేడా రాని కౌంటర్: కడప బట్టల షాపులో క్యాషియర్ అనుమానం కేసు

షాపు కడప వై.వి. స్ట్రీట్ చుట్టుపక్కలది. చీరలు, రెడీమేడ్లు, పిల్లల బట్టలు. మూడు అంతస్తులు, కింద రెండు క్యాష్ కౌంటర్లు, గుమ్మం దగ్గర బిల్లుకు పంచ్ వేసే గేటు మనిషి. పేర్లు, షాపు ఆనవాళ్లు తీసేశాం.

లెక్కలన్నీ 2025 మార్చివి. ఆ నెల దాదాపు పూర్తిగా ఉపవాసాల నెల. 30న ఉగాది, 31న రంజాన్ పండుగ. కడపలో ఈ రెండూ వెంటవెంట వస్తే బట్టల షాపులో రాత్రి పదిన్నరకు కూడా క్యూ తగ్గదు. డబ్బు లెక్క తప్పడానికైనా, తప్పించడానికైనా అంతకంటే అనువైన నెల ఉండదు.

లెక్క తేల్చమని మమ్మల్ని పిలిచిన యజమాని చెప్పింది ఇదీ. ఒకటో కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి నెలలో 11 రోజులు క్యాష్ తక్కువ వచ్చింది. మొత్తం 5,870 రూపాయలు. ఏప్రిల్ 1, 2 తేదీల్లో సరుకు లెక్కేస్తే పిల్లల సెక్షన్‌లో 41 పీసులు కనబడలేదు. రెండూ కలిపి చూసి ఆ అమ్మాయిదే పని అనుకున్నారు. మార్చి జీతంలో 2,000 కోసేశారు, మిగతాది వచ్చే నెల కోసి పంపించేద్దామన్నది ఆలోచన. రెండో కౌంటర్ కుర్రాడి మీద ఎవరికీ అనుమానం లేదు. నాలుగేళ్లుగా ఉన్నాడు, డ్యూటీ చేసిన 27 రోజుల్లో ఒక్క రోజూ రూపాయి తేడా రాలేదు.

మాకు మొదట తేడాగా అనిపించింది ఆ సున్నాలే. రోజుకు ఎనభై తొంభై నగదు బిల్లులు కొట్టే చోట, చిల్లర ఇచ్చిపుచ్చుకునే చోట, పండుగ రద్దీలో, ఎవరికైనా పదో ఇరవయ్యో అటూ ఇటూ అవుతుంది. 27 రోజులూ సున్నా వచ్చిందంటే మనిషి అంత జాగ్రత్తపరుడని అర్థం కాకపోవచ్చు. లెక్కపెట్టే ముందే ఎంత ఉండాలో అతనికి తెలుస్తోందని కావచ్చు. చూస్తే అదే నిజం. రోజు ముగింపు రిపోర్టు తీశాకే నోట్లు లెక్కపెట్టడం ఆ షాపు అలవాటు. ఎక్కువుంటే జేబులోకి, తక్కువుంటే జేబులోంచి. కాబట్టి సున్నా దొంగతనానికి రుజువు కాదు, నిజాయితీకీ రుజువు కాదు.

ముందు కెమెరా, తర్వాతే కాగితాలు

ఇలాంటి కేసుల్లో చాలామంది బిల్లుల ఫైలుతో మొదలుపెడతారు. బిల్లులు ఎక్కడికీ పోవు, కెమెరా రికార్డు పోతుంది. ఈ షాపు డీవీఆర్‌లో (కెమెరాల వీడియో దాచే పెట్టె) 2 టీబీ డిస్కు, ఎనిమిది కెమెరాలు. 18 రోజులు దాటితే పాత రికార్డు మీదే కొత్తది పడుతుంది. ఏప్రిల్ 3 రాత్రి షట్టర్ దించాక కాపీ తీశాం కాబట్టి మార్చి 16 నుంచి దొరికింది. వారం ఆలస్యమైతే సీజన్‌లో సగం పోయేది.

కాపీకి ముందు గడియారాలు సరిచూడాలి. ఫోన్‌లో సెకన్లతో సహా టైము కనబడేలా పెట్టి కౌంటర్ కెమెరా ముందు పట్టుకోవాలి. అదే నిమిషంలో ఒక పరీక్ష బిల్లు కొట్టాలి. ఫోన్ టైము, కెమెరా టైము, బిల్లు మీద టైము, మూడూ ఒక కాగితం మీద రాసి ఇద్దరు సంతకం పెట్టాలి. ఇక్కడ డీవీఆర్ గడియారం బిల్లింగ్ కంప్యూటర్ కంటే 7 నిమిషాలు ముందుంది. ఈ తేడా పట్టకపోతే 9:52 బిల్లుకు 9:52 వీడియో చూస్తాం, అక్కడ వేరే కస్టమర్ కనబడతాడు, నిర్దోషి దోషి అవుతాడు, దోషి తప్పించుకుంటాడు. తేడా కనబడగానే డీవీఆర్ టైమును సరిచేయకూడదు కూడా. కాపీ తీశాకే సరిచేయాలి.

రెండు డ్రైవుల్లోకి కాపీ. ఒకటి సీలు వేసి బీరువాలో, రెండోది చూడటానికి. కోర్టు దాకా వెళ్తే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు కొంచెం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) రాయాలి. కాపీ తీసిన రోజే ఆ విలువ తీసి పెట్టుకుంటే తర్వాత ‘మధ్యలో మార్చారు’ అనే మాట రాదు. డీవీఆర్‌ను మాత్రం అమ్మడం, ఫార్మాట్ చేయడం వద్దు.

విషయం ఇద్దరికి మించి తెలియకూడదని మొదటి రోజే చెప్పాం. అయినా 5వ తేదీన యజమాని బంధువు ఒకాయన కౌంటర్ దగ్గరికొచ్చి అందరి ముందూ ‘మార్చి రిటర్న్ బిల్లుల ఫైలు ఇట్లియ్యప్పా’ అన్నాడు. ఆ రోజు నుంచి రెండో కౌంటర్‌లో నగదు రిటర్న్ ఒక్కటీ పడలేదు. ఇది సూచనే తప్ప సాక్ష్యం కాదు. కళ్లెదుట పట్టుకునే అవకాశం మాత్రం అక్కడితో పోయింది.

ఒకటో కౌంటర్

అనుమానం ఎవరి మీద ఉందో వాళ్ల లెక్క ముందు చూడాలి. నేరం రుజువు చేయడానికి కాదు, వేరే కారణం ఏదైనా ఉందేమో వెతకడానికి.

ఆమె డ్యూటీ 28 రోజులు. 11 రోజులు తక్కువ, 8 రోజులు ఎక్కువ, 9 రోజులు సరి. తక్కువ మొత్తం 5,870 అని యజమాని చెప్పారు కానీ ఎక్కువ వచ్చిన 1,210 సంగతి ఎవరూ చెప్పలేదు. అది షాపు ఖాతాలో ‘ఇతర ఆదాయం’ కింద పడిపోయింది. తక్కువొస్తే ఆమెది, ఎక్కువొస్తే షాపుది. చాలా షాపుల్లో ఇదే పద్ధతి, ఇదే అన్యాయం. నికర తేడా 4,660.

తర్వాత యూపీఐ లెక్క. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో యూపీఐ కింద పడిన మొత్తం ఒక పక్క, మర్చంట్ యాప్ స్టేట్‌మెంట్ ఇంకో పక్క. బ్యాంకులో డబ్బు మరుసటి రోజు జమ అయి ఉండొచ్చు కాబట్టి జమ తేదీతో కాదు, కస్టమర్ చెల్లించిన టైముతో కలపాలి. ఒక్కో చెల్లింపుకు 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది, దాన్ని పట్టుకుంటే గందరగోళం ఉండదు. పనిలో పనిగా కౌంటర్ మీద, గోడ మీద అతికించిన ప్రతి క్యూఆర్ స్టిక్కర్‌నూ స్కాన్ చేసి పేరు ఎవరిదొస్తోందో చూడాలి. మధ్యలో వేరేవాళ్ల స్టిక్కర్ అతికిస్తే సాఫ్ట్‌వేర్‌లో దాని జాడే ఉండదు. ఇక్కడ అన్నీ షాపు పేరే చూపించాయి.

ఒకటో కౌంటర్‌లో నాలుగు బిల్లులు, మొత్తం 3,940 రూపాయలు, యాప్‌లో ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌లో నగదుగా పడ్డాయి. కారణం కీబోర్డు. ఆ సాఫ్ట్‌వేర్‌లో చెల్లింపు రకం దగ్గర ముందే ‘క్యాష్’ ఎంచి ఉంటుంది. ఎంటర్ రెండుసార్లు కొడితే బిల్లు నగదుగా ముగిసిపోతుంది. యూపీఐ కావాలంటే బాణం మీట రెండుసార్లు నొక్కి దిగాలి. రద్దీలో వేలు ముందుకు పోతుంది. డబ్బు షాపు బ్యాంకు ఖాతాలోనే భద్రంగా ఉంది, క్యాష్ డ్రాయర్‌లో మాత్రం తక్కువ కనబడింది.

4,660లోంచి 3,940 పోతే 720. ఆ నెల ఆమె చేతి మీదుగా సుమారు 11.7 లక్షల నగదు నడిచింది. వెయ్యికి అర్ధరూపాయి పైచిలుకు తేడా. అది చిల్లర లెక్కే, ఎవరి మీదా వేయాల్సింది కాదు.

రెండో కౌంటర్, పంచ్ లేని బిల్లులు

క్యాష్ సరిపోయిన చోట దొంగతనం జరగాలంటే ఉండాల్సిన నగదునే కాగితం మీద తగ్గించాలి. దానికి దారులు కొన్నే: బిల్లు క్యాన్సిల్, రిటర్న్, కొట్టాక ఇచ్చిన డిస్కౌంట్, హోల్డ్‌లో పెట్టి చెరిపేసిన బిల్లు. సాఫ్ట్‌వేర్‌లో యూజర్ వారీగా, గంట వారీగా ఈ నాలుగు రిపోర్టులు తీసి రెండు కౌంటర్లనూ పక్కపక్కన పెట్టాం. క్యాన్సిల్, డిస్కౌంట్, హోల్డ్ మూడూ దాదాపు సమానం. రిటర్న్ దగ్గర తేలింది.

షాపులో ‘క్యాష్ రిటర్న్ లేదు, ఎక్స్ఛేంజ్ మాత్రమే’ అని బోర్డు ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ బోర్డు సంగతి తెలియదు. క్యాష్ రిటర్న్ మీట పనిచేస్తూనే ఉంది. నెలలో ఒకటో కౌంటర్ నగదు రిటర్నులు 3, రెండో కౌంటర్‌వి 29, విలువ 31,460 రూపాయలు. ఎక్కువ భాగం రాత్రి తొమ్మిదిన్నర దాటాక, షట్టర్ సగం దించే వేళకు పడ్డవి.

29 బిల్లులనూ బల్ల మీద పరిచి చూశాం. రిటర్న్ బిల్లుకు పాత అమ్మకం బిల్లు పిన్ చేసి ఉంటుంది. ఏడింటి పాత బిల్లులకు గేటు మనిషి వేసిన పంచ్ రంధ్రం ఉంది. కాగితం నలిగి ఉంది, పర్సులోనో సంచిలోనో మడిచిన గీతలున్నాయి. మిగతా 22 బిల్లులు నున్నగా ఉన్నాయి. మడత లేదు, రంధ్రం లేదు, పైన చిన్న అక్షరాల్లో ‘డూప్లికేట్’ అని ఉంది. కస్టమర్ బయటికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చిన బిల్లుకు రంధ్రం లేకుండా ఎలా ఉంటుంది? రీప్రింట్ లాగ్‌లో చూస్తే, ఆ 22లో ప్రతి దానికీ రిటర్న్ కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు రీప్రింట్ పడింది. అన్నీ నగదు బిల్లులే, కస్టమర్ ఫోన్ నంబరు లేనివే.

థర్మల్ కాగితం మీద అక్షరాలు వేడికీ వెలుగుకూ చెరిగిపోతాయి. కడప ఏప్రిల్ ఎండకు కిటికీ పక్కన పెట్టిన ఫైలు ఎంతకాలం నిలుస్తుంది? అదే రోజు అన్నీ జిరాక్స్ తీయించాం.

పంచ్ ఉన్న ఏడుగురిలో ఫోన్ నంబరు ఉన్నవాళ్లకు ‘ఎక్స్ఛేంజ్ దగ్గర ఇబ్బంది ఏమైనా అయ్యిందామ్మా’ అని షాపు తరఫున మామూలుగా ఫోన్ చేయించాం. నిజమైన రిటర్నులే, 7,080 రూపాయలు. మిగిలినవి 22 బిల్లులు, 24,380 రూపాయలు, 26 పీసులు. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం ఆ 26 పీసులు తిరిగొచ్చి ర్యాకుల్లో ఉండాలి. బార్‌కోడ్ పట్టుకుని వెతికితే ఒక్కటీ లేదు. పిల్లల సెక్షన్‌లో పోయాయనుకున్న 41లో 26 ఇవే. అసలు అవి పోలేదు. ఎప్పుడో అమ్ముడుపోయాయి, తిరిగి రాలేదు. మిగతా 15 వేరే సంగతి: తప్పు ట్యాగులు, ట్రయల్ రూమ్ నష్టం. దాన్ని ఈ కేసులో కలపలేదు.

ఇక్కడ ఆగి జాగ్రత్త పడాలి. 22 బిల్లులూ ఒక లాగిన్ మీద పడ్డాయి, కానీ లాగిన్ మనిషి కాదు. ఆ పాస్‌వర్డ్ ఫ్లోర్ సూపర్‌వైజర్‌కు తెలుసు, కంప్యూటర్ ఆపరేటర్‌కు తెలుసు, మానిటర్ అంచున చీటీ మీద రాసి కూడా ఉంది. వేలిముద్ర హాజరుతో కలిపి చూస్తే రెండు బిల్లులు ఆ కుర్రాడు సెలవులో ఉన్న రోజుల్లో పడ్డాయి. ఆ రెండూ మార్చి 16కు ముందువి, వీడియో లేదు.

కాబట్టి ఇలా విడగొట్టాం. వీడియో ఉన్న రోజులవి 13 బిల్లులు. 7 నిమిషాల తేడా కలిపి చూస్తే 11 బిల్లుల సమయంలో కౌంటర్ ముందు ఎవరూ లేరు, కుర్చీలో అతనే, డ్రాయర్ తెరిచి నోట్లు తీశాడు. ఇవి 12,640 రూపాయలు. రెండింటి దగ్గర, 2,150 రూపాయలవి, ఎదురుగా మనిషి ఉన్నాడు, ఏం జరిగిందో తేలలేదు. వీడియో లేనివి 9 బిల్లులు, 9,590. యజమానికి రాసిచ్చిన నివేదికలో అతని పేరు మీద 11 బిల్లులే పెట్టాం. మిగతావీ అతనివే అయి ఉండొచ్చని యజమాని పట్టుబట్టారు. ఉండొచ్చు. కానీ చూపలేని ఒక్క బిల్లు కలిపినా, దాన్ని పట్టుకుని పదకొండూ కొట్టేయించుకోవచ్చు.

కూర్చోబెట్టి అడిగిన తీరు

గది తలుపు తీసి ఉంచాం, తలుపు వైపు కుర్చీ అతనికి. యజమాని, మాలో ఒకరు, రాసుకోవడానికి షాపు అకౌంటెంట్. ఫోన్ లాక్కోవడం, జేబులు వెతకడం, ‘ఒప్పుకుంటే వదిలేస్తాం’ అనడం వద్దని యజమానికి ముందే చెప్పాం. తాళం వేసి కూర్చోబెడితే అది అక్రమ నిర్బంధం. చెయ్యి చేసుకుంటే కేసు యజమాని మీదికి తిరుగుతుంది. ఆడపిల్ల అయితే గదిలో ఇంకో ఆడమనిషి తప్పక ఉండాలి.

మొదట బిల్లులు చూపించకూడదు. పద్ధతి అడగాలి.

‘ఏమప్పా, రిటర్న్ వస్తే ఏమేం చేస్తావో వరసగా చెప్పు.’

‘బిల్లు అడుగుతా అన్నా. సరుకు చూసి ఫ్లోర్‌కి పంపిస్తా. వాళ్లు సరే అంటే రిటర్న్ కొడతా.’

‘బిల్లుకు పంచ్ చూస్తావా?’

‘పంచ్ ల్యాకుంటే తీసుకోమన్నా. బయటికి పోని బిల్లుకు రిటర్న్ యాడిది?’

ఈ మాట రాయించి, చదివి వినిపించి, అప్పుడు ఒక్క బిల్లు ముందు పెట్టాం. రంధ్రం లేనిది, డూప్లికేట్ అని ఉన్నది. చాలాసేపు మాట్లాడలేదు. ‘కస్టమర్ వచ్చింటాడు, గ్యాపకం ల్యా’ అన్నాడు. వీడియో చూపించాక ‘సూపర్‌వైజర్ అన్న కొట్టమంటే కొట్టినా’ అన్నాడు. ఒక్క రోజు టైము అడిగితే ఇచ్చాం. మరుసటి రోజు వాళ్లన్నతో వచ్చి తొమ్మిది బిల్లులు, 10,290 రూపాయలు, తాను తీసుకున్నట్టు తన చేతిరాతతో రాశాడు. ఆ పదకొండులో మిగతా రెండింటి డబ్బు, 2,350, సూపర్‌వైజర్‌కు ఇచ్చానన్నాడు. ఆ మాటా అలాగే రాయించాం, ఒక కాపీ అతనికిచ్చాం. మనం డిక్టేషన్ చెప్పి రాయించిన ఒప్పుకోలు ఎందుకూ పనికిరాదు. అక్షర దోషాలతో సహా అతని మాటలే ఉండాలి.

తీసేయడం, కోత, పోలీసులు

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం ఆరు నెలలు దాటి పనిచేసిన మనిషిని ఊరికే రేపటి నుంచి రావద్దనడానికి లేదు. నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి. దుష్ప్రవర్తన కింద నోటీసు లేకుండా తీసేయాలంటే విచారణ జరిపి, సాక్ష్యం రికార్డు చేసి ఉండాలి. పై కాగితాలన్నీ దానికే: ఆరోపణ పత్రం, అతని జవాబు, విచారణ రాత, ఉత్తర్వు.

జీతంలో కోత గురించి షాపుల్లో ఉన్న నమ్మకం తప్పు. నష్టం కింద కోయాలన్నా ముందు వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం మించకూడదు. ఈ కేసులో అతనికి రావాల్సిన జీతం పైసా కోయకుండా ఇప్పించి, అతను కట్టిన 10,290కి వేరే రసీదు రాయించాం. ఒకటో కౌంటర్ అమ్మాయి దగ్గర కోసిన 2,000 వోచర్ మీద వెనక్కిచ్చారు. ఊరికే కవరులో పెట్టి ఇద్దామనుకున్నారు యజమాని. ఆమె మీద మాట పడింది స్టాఫ్ అందరి ముందూ కాబట్టి, తప్పు ఆమెది కాదని చెప్పడమూ అందరి ముందే జరగాలన్నాం. కొంచెం నామోషీ పడ్డా పొద్దున మీటింగ్‌లో ఆయనే చెప్పారు.

పోలీసులకు వెళ్లడం, మానడం యజమాని ఇష్టం. వెళ్లాలనుకుంటే ఫిర్యాదులో సెక్షన్లు రాయక్కర్లేదు. తేదీ, బిల్లు నంబరు, టైము, మొత్తం రాస్తే చాలు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. నమ్మి చేతికిచ్చిన డబ్బును ఉద్యోగి వాడుకుంటే 316(4), యజమాని స్వాధీనంలోని సొత్తు దొంగిలిస్తే 306. రెండిటికీ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. చేయకూడనిది ఒకటే: ‘ఇంత కట్టకపోతే కేసు పెడతా’ అని బెదిరించి వసూలు చేయడం, తీసుకున్న దానికంటే ఎక్కువ రాయించుకోవడం. తెలిసిన ఇంటి పిల్లాడని, ఇక్కడ యజమాని పోలీసు దాకా వెళ్లలేదు.

సూపర్‌వైజర్ సంగతి తేలలేదు. సెలవు రోజుల రెండు బిల్లులకు, ఆ 2,350కి అతని మీద చూపడానికి ఏమీ లేదు. కుర్రాడి మాట ఒక్కటే ఉంది. అతని దగ్గర రాతపూర్వక వివరణ తీసుకుని ఫైలులో పెట్టి, క్యాష్ కౌంటర్ తాళం, లాగిన్ రెండూ తప్పించారు. అంతకుమించి చేయడం సరికాదు.

మార్చినవి

క్యాష్ రిటర్న్ మీట మూయించారు. ఎక్స్ఛేంజ్ రిటర్న్‌కు కస్టమర్ ఫోన్‌కు ఓటీపీ, ఫ్లోర్ మనిషి రెండో లాగిన్. చెల్లింపు రకం దగ్గర ముందే ‘క్యాష్’ ఎంచి ఉండటం తీసేసి ఖాళీగా ఉంచారు. రీప్రింట్ యజమాని లాగిన్‌కే. పాస్‌వర్డ్ ఎవరిది వాళ్లకే, మానిటర్ చీటీ చింపేశారు. పొద్దున కౌంటర్‌కు 3,000 చిల్లర: వందలు 10, యాభైలు 20, ఇరవైలు 30, పదులు 40. డ్రాయర్‌లో 20,000 దాటితే చీటీ రాసి లోపలికి. రాత్రి క్యాషియర్ ముందు నోట్ల లెక్క రాసి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే అకౌంటెంట్ రిపోర్టు తీస్తాడు. ఇలా మొదలుపెట్టిన వారంలో రెండు కౌంటర్లలోనూ పదీ ఇరవై తేడాలు రావడం మొదలైంది, యజమాని కంగారుపడి ఫోన్ చేశారు. అవే ఆరోగ్యకరమైన తేడాలు. ఒకే మనిషికి ఒకే వైపు నెలంతా వస్తే అప్పుడు చూడాలి. డీవీఆర్‌కు 6 టీబీ డిస్కు వేశారు, దాదాపు 54 రోజులు నిలుస్తుంది.

చివరిగా ఖాతాలు. దొంగ రిటర్న్ బిల్లుతో షాపు అమ్మకం తగ్గినట్టు, దాంతో పాటు జీఎస్టీ కూడా తగ్గినట్టు చూపించారు. అప్పటి రేట్లలో పీసు వెయ్యి దాకా 5 శాతం, పైన 12. అంటే అమ్మిన సరుకుకు పన్ను కట్టనట్టు అయింది. కాబట్టి 22 రిటర్నులూ రద్దు చేసి, 24,380 అమ్మకాన్ని మళ్లీ చేర్చి, పన్ను తర్వాతి జీఎస్టీఆర్-3బీలో (షాపు దాఖలు చేసే జీఎస్టీ లెక్క పత్రం) కట్టించాం. మనిషి మీద ఆరోపణకు 11 బిల్లులు, ఖాతా సవరణకు 22. సరుకు తిరిగి రాలేదన్నది 22కీ నిజం కాబట్టి. పోయింది నగదే, సరుకు కాదు, అందుకని దొంగతనంలో పోయిన సరుకు కింద ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు) వెనక్కి తీయాల్సిన పని రాలేదు. వసూలు కాని 14,090 నగదు నష్టం కింద రాశారు.